కంట్లో ట్యూబు: కొన్నేళ్లు వాడాక నా మాట

నీటికాసులకి కంట్లో నీరు బయటికి పోయేలా సన్నటి ట్యూబు వేయించుకున్నవాళ్లంతా కంటి ప్రెషర్ గురించే మాట్లాడతారు. నా బాధంతా ఆ ట్యూబు మీద కప్పి ఉండే పలచటి పొర గురించి. అది అరిగితే ఏమవుతుందో నాకిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క లేదు.

నాది వాల్వు లేని రకం, అంటే నీరు ఎంత పోవాలో తనంతట తాను అదుపు చేయలేనిది. అంతకుముందు ట్రాబెక్యులెక్టమీ (నీరు పోవడానికి కంటి గోడలో దారి చేసే ఆపరేషన్) చేసిన దారి మూసుకుపోయాక వేశారు. మొదట్లోనే నీరు మరీ ఎక్కువ పోకుండా ట్యూబుకి కట్టిన దారం కరగడానికి ఐదారు వారాలు పట్టింది. ఆ తర్వాత ప్రెషర్ 12కి దిగింది, చుక్కలన్నీ ఆపేశారు. అడిగినవాళ్లందరికీ నిశ్చింతగా వేయించుకోమనే చెప్పాను.

మూడేళ్లు దాటాక కంట్లో ఇసుక పడ్డట్టు గరగర మొదలైంది. నీళ్లు కారేవి. నొప్పి లేదు, చూపూ తగ్గలేదు. ఊళ్లో చూపిస్తే అలర్జీ అని చుక్కలు రాశారు. తగ్గకపోయేసరికి ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. "కిందికి చూడండమ్మా" అంటూ పైరెప్ప ఎత్తి, పసుపు రంగు అద్దిన కాగితం పట్టీ తాకించి, నీలం లైటు వేసి చూశారు. మా అబ్బాయి ఫోన్లో తీసిన ఫోటో ఇప్పటికీ ఉంది. ఎర్రబారిన తెల్లగుడ్డు మీద రెండు మిల్లీమీటర్ల సిలికాన్ గొట్టం బయటపడి మెరుస్తోంది! రెప్ప రాసుకుని రాసుకుని పై పొరా, దాని కింద మొదట్లో వేసిన అతుకూ రెండూ అరిగిపోయాయట. క్రిములు ఆ గొట్టం వెంబడే కంటి లోపలికి పోగలవు. ఇన్ఫెక్షన్ చేరితే ట్యూబు తీసేయాల్సి రావచ్చు, చూపే పోవచ్చు.

పైపైన కుట్టేస్తే సరిపోదా అని అడిగాను. మళ్లీ అక్కడే తెరుచుకుంటుందన్నారు. శుక్లం ఆపరేషన్ అయిపోయిన కన్ను కాబట్టి ట్యూబుని ఐరిస్ (కంట్లో రంగు పొర) వెనక్కి మళ్లించి, పైన దాత కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ముక్క కప్పారు. చూపు కోసం మార్చడానికి పనికిరాని కార్నియా కూడా ఇలా అతుక్కి పనికొస్తుందట. ఎవరో నేత్రదానం చేయబట్టే నా కన్ను దక్కింది. ఆ ఇంటివాళ్లకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

చుక్కలు ఆపేశారన్నాను కదా, ఇప్పుడు మళ్లీ రాత్రిపూట ఒకటి వేసుకుంటున్నాను. ట్యూబు పూడిపోలేదు. దాని చివర ప్లేటు చుట్టూ మన ఒళ్లే ఒక పొర కడుతుంది, నీరు అందులోంచే ఇంకాలి. నాకది మందమైంది. ప్రెషర్ 17. చాలామందికి ట్యూబు దెబ్బతినేది ఇక్కడేనట. చుక్కలకి లొంగకపోతే వేరేవైపు రెండో ట్యూబు వేస్తారు, లేదా కంట్లో నీరు ఊరే చోట లేజర్ చేస్తారు.

ట్యూబు ఉన్నవాళ్లు గరగరగా ఉంటే ఏ డాక్టరుకి చూపించినా ముందు ఆ సంగతి చెప్పండి. పైరెప్ప ఎత్తి చూడమని అడగండి, మొహమాటపడకండి. నా మటుకు నేనైతే మళ్లీ వేయించుకుంటాను, ఆ కంటికి ఇంకో దారి లేదు. ఎడమ కన్ను ఇంకా చుక్కలతోనే నిలబడుతోంది, దానికి మాత్రం ఇప్పుడే ఒప్పుకోను. చెకప్‌కి తీసుకెళ్లే మనిషి ఇంట్లో లేనివాళ్లకి వేయించుకోమని చెప్పడానికీ నాకు నోరు రావడం లేదు.