ఎప్సమ్ డెర్బీనా, గ్రాండ్ నేషనలా? ఏది మేలు?

మలక్‌పేట రేస్‌కోర్సు తెలిసినవాళ్లకు గుర్రప్పందెం అంటే చదునైన పచ్చిక మీద రెండు మూడు నిమిషాల పరుగు. బ్రిటన్‌లో అది సగం కథే. అక్కడ పందేలు రెండు రకాలు: అడ్డూ ఆపూ లేకుండా పరిగెత్తే ఫ్లాట్, కంచెలూ కాలవలూ దూకుతూ సాగే జంప్. మొదటిదానికి శిఖరం జూన్‌లో ఎప్సమ్‌లో జరిగే డెర్బీ. రెండోదాంట్లో అందరి నోటా వినిపించే పేరు ఏప్రిల్‌లో లివర్‌పూల్ దగ్గర ఎయిన్‌ట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్. వీటిలో ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి?

చరిత్ర కోసమైతే ఆలోచించక్కర్లేదు, డెర్బీయే. 1780లో మొదలైంది. మొదటి విజేత డయోమెడ్. మైలున్నర దూరం, మూడేళ్ల గుర్రాలు, జీవితంలో ఒక్కటే అవకాశం. ట్రాక్ ముందు ఎత్తెక్కి, ఆ తర్వాత టాటెన్‌హామ్ కార్నర్ అనే మలుపు దాకా దిగుతుంది. వేగం, ఓపిక, నిలకడ మూడూ ఉంటేనే ఆ మలుపు దాటాక గుర్రంలో ఇంకా ఏమైనా మిగులుతుంది. దేశం చూపంతా ఆ రోజు అక్కడే ఉండేది. 19వ శతాబ్దంలో డెర్బీ కోసం పార్లమెంటు సభను వాయిదా వేసుకునేవారు. 1913లో మహిళల ఓటు హక్కు కోసం పోరాడుతున్న ఎమిలీ డేవిసన్ రాజుగారి గుర్రానికి అడ్డుగా వెళ్లిందీ ఈ పందెంలోనే. నాలుగు రోజులకు ఆమె చనిపోయింది. మన దేశం పేరూ ఇక్కడ ఉంది: 1934లో రాజ్‌పిప్లా మహారాజా గుర్రం విండ్సర్ లాడ్ డెర్బీ గెలిచింది.

అయితే డెర్బీ అసలు ఎందుకు పరిగెత్తిస్తారో తెలిస్తే దాని స్వభావం అర్థమవుతుంది. అది ఏ రక్తాన్ని ముందుతరానికి అందించాలో తేల్చే పరీక్ష. పందేల కోసమే పెంచే థరోబ్రెడ్ జాతి గుర్రాల మగవైపు వంశమంతా బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు గుర్రాల దగ్గర మొదలవుతుంది. విత్తులు తీయించిన గుర్రాలకు డెర్బీలో ప్రవేశమే లేదు, ఎందుకంటే వాటికి సంతానం ఉండదు. 2001లో డెర్బీ గెలిచిన గెలీలియో మొత్తం ఎనిమిది పందేలే పరిగెత్తింది. అదే ఏడాది దాన్ని పందేల నుంచి తప్పించి సంతానోత్పత్తికి పంపారు. దాని పిల్లల్లో ఐదు మళ్లీ డెర్బీ గెలిచాయి. గొప్ప విషయమే. కానీ చూసేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి: మనం ఒక గుర్రాన్ని గుర్తుపట్టి, ఇష్టపడేలోపే అది మైదానం వదిలి వెళ్లిపోతుంది.

జంప్ గుర్రం అలా వెళ్లిపోదు. చాలావాటికి విత్తులు తీయించి ఉంటారు కాబట్టి దాని విలువంతా దాని పరుగులోనే ఉంది. ఏడు, ఎనిమిది, పది, పన్నెండేళ్ల వయసులోనూ ప్రతి చలికాలం తిరిగొస్తుంది. జనం దాన్ని ఇంట్లోవాళ్లని పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తారు. 1839 నుంచి లెక్కించే నేషనల్‌లో నాలుగు మైళ్ల పైచిలుకు దూరం, ముప్పై కంచెలు. పైగా ఇది హ్యాండిక్యాప్ పందెం, అంటే మేలైన గుర్రం ఎక్కువ బరువు మోయాలి. అందుకే ఎవరూ లెక్కచేయని గుర్రానికీ ఆశ ఉంటుంది. 1967లో ఒక కంచె దగ్గర గుర్రాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఆగిపోతే, వెనకెక్కడో వస్తున్న ఫోయినావన్ సందు చూసుకుని దూకి, ఒకటికి వంద పందెం ధర మీద (రూపాయి కాస్తే వంద లాభం) గెలిచింది.

నేషనల్ మీద ఉన్న నింద కూడా చెప్పాలి, దాచితే తప్పు. ఇక్కడ గుర్రాలు చనిపోతాయి. 2012లో రెండు చనిపోయాయి. వాటిలో సింక్రనైజ్డ్ ఆ ముందు నెలలోనే చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్ అనే పెద్ద జంప్ పందెం గెలిచిన గుర్రం. 2013లో కంచెల లోపలి గట్టి కర్రలు తీసేసి వంగే ప్లాస్టిక్ పెట్టారు. 2024లో గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కి తగ్గించారు, మొదటి కంచెను ఆరంభానికి దగ్గరగా జరిపారు. ఇవి మంచి మార్పులే, ఇంకా జరగాలని కోరుకుంటాను. ఆ భయం మనసులో పెట్టుకుని పందెం చూడలేనివాళ్లు ఎప్సమ్‌కే వెళ్లాలి. వాళ్ల మాట కాదనను.

ఇంత తెలిసీ నా ఓటు నేషనల్‌కే. కారణం రెడ్ రమ్ అనే గుర్రం. దాన్ని పుట్టించింది పొట్టి ఫ్లాట్ పందేల కోసం. ఫోయినావన్ గెలిచిన నేషనల్‌కు ముందు రోజు అదే ఎయిన్‌ట్రీలో, రెండేళ్ల వయసులో, ఐదు ఫర్లాంగుల పరుగులో ఇంకో గుర్రంతో సమంగా నెగ్గింది. తర్వాత చేతులు మారుతూ, పాదం ఎముక జబ్బుతో జింజర్ మెకెయిన్ అనే శిక్షకుడి దగ్గరికి చేరింది. ఆయన సౌత్‌పోర్ట్ సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో దాన్ని పరిగెత్తించాడు. 1973, 1974లో నేషనల్ గెలిచింది. తర్వాతి రెండేళ్లూ రెండో స్థానం. 1977లో, పన్నెండేళ్ల వయసులో, మళ్లీ గెలిచింది. 1995లో చనిపోతే ఎయిన్‌ట్రీలోనే, గెలుపు స్తంభం పక్కన పాతిపెట్టారు.