కోల్టా, స్మిత్ అండ్ వెస్సనా, వెబ్లీయా: ఒక్క చోటే మిగిలినవారికి ఏది మేలు?

గుంటూరులోనూ విజయవాడలోనూ లైసెన్సున్న మిత్రులు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది. పాత .32 బోరు (గొట్టం వెడల్పు, అంగుళాల్లో) రివాల్వర్లలో కోల్ట్ కొనాలా, స్మిత్ అండ్ వెస్సన్ కొనాలా, వెబ్లీతో సరిపెట్టుకోవాలా? అమెరికాలో ఉండే సేకర్తకు ఇది కాలక్షేపపు చర్చ. మూడూ కొని అద్దాల బీరువాలో వరుసగా పెట్టుకుంటాడు. మనకు అలా కుదరదు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక, క్రీడాకారుల వంటి కొందరిని మినహాయిస్తే, మనిషికి రెండే ఆయుధాలు. వారసత్వంగా వచ్చినవీ ఆ రెంటిలోనే లెక్క. పల్నాడు వైపు చాలా ఇళ్లలో ఒక చోటును తాతగారి పన్నెండు బోరు తుపాకీ ఎప్పుడో ఆక్రమించి ఉంటుంది. ఇక మిగిలేది ఒక్కటి.

.38 గురించి ఆశ పెట్టుకోవద్దు. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 10 అరవై లక్షలకు పైగా తయారై ఉండవచ్చు, కోల్ట్ అఫిషియల్ పోలీస్ ఎంత పేరైనా తెచ్చుకుని ఉండవచ్చు. మన దేశంలో .38, .455 రెండూ నిషిద్ధ బోర్లు. సామాన్య లైసెన్సుదారుకు దక్కే పాత విదేశీ రివాల్వరంటే ఆచరణలో .32. దాన్ని ఆడవాళ్ల తుపాకీ అని ఎగతాళి చేసే పెద్దమనుషులు కొందరున్నారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో షూటర్ జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేసింది సెంటర్ ఫైర్ పిస్టల్‌లో. ఆ పోటీలో ఎక్కువమంది నమ్ముకునే తూటా .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగే. గురి కుదరకపోతే తప్పు తూటాది కాదు.

ముందు కోల్ట్ సంగతి. మన వైపు కనిపించేది ఎక్కువగా పోలీస్ పాజిటివ్. 1890ల్లో న్యూయార్క్ పోలీసు వ్యవహారాలు చూసిన థియొడోర్ రూజ్‌వెల్ట్ తన సిబ్బందికి ఎంపిక చేసిన న్యూ పోలీస్ రివాల్వరుకు ఇది వారసురాలు. ట్రిగ్గరు పూర్తిగా లాగితే తప్ప హామరు తూటాను తాకకుండా లోపల ఒక అడ్డు పెట్టారు, పేరులోని పాజిటివ్ దాని గుర్తే. పోటీదారు స్మిత్ అండ్ వెస్సన్ పేరును తన బారెల్ మీద చెక్కడం ఇష్టం లేక కోల్ట్ అదే తూటాకు ముక్కు కాస్త చదును చేసి ‘.32 పోలీస్’ అని రాసుకుంది. అది చూసి ఈ తూటా దొరకదేమోనని భయపడేవారున్నారు. ఖడ్కీ ప్రభుత్వ తూటాల ఫ్యాక్టరీ .32 లాంగ్ తూటా అందులో చక్కగా పడుతుంది. పాత కోల్ట్ మీద నీలి పూత చూశాక మరేదీ కంటికి ఆనదు. దాన్ని ఒప్పుకోక తప్పదు.

కానీ నాకు తేల్చే విషయం పూత కాదు, లోపలి తాళం, అంటే పేల్చే యంత్రాంగం. అక్కడ కొంచెం ఆగుదాం.

ట్రిగ్గరు లాగినప్పుడు ‘హ్యాండ్’ అనే సన్నని ఉక్కు ముక్క పైకి లేచి, తూటాల గదులుండే సిలిండరు వెనుకనున్న పళ్లను తోస్తుంది. సిలిండరు తిరుగుతుంది. కింది నుంచి మరో ముక్క గాడిలో పడి దాన్ని నిలుపుతుంది. ఇంతవరకు అందరికీ ఒకటే. తేడా ఆ తరువాతి క్షణంలో ఉంది. పాత కోల్ట్‌లో గుండు పేలేటప్పుడు కూడా హ్యాండ్ పన్నును వత్తుతూనే ఉంటుంది, కింది ముక్క ఎదురు పడుతుంది. రెంటి మధ్య సిలిండరు పట్టకారులో చిక్కినట్టు కదలకుండా బిగుస్తుంది. కోల్ట్ అభిమానులు గర్వంగా చెప్పుకునేది ఈ బిగువు గురించే. ఆ గర్వానికి ధర ఏమిటంటే, ప్రతి కాల్పుకూ దెబ్బ ఆ సన్నని ముక్క మీదే పడుతుంది. అది కొద్దిగా అరిగితే సిలిండరు పూర్తిగా తిరగకముందే హామరు పడిపోతుంది. గది బారెల్‌కు ఎదురుగా నిలవదు. టైమింగ్ పోయిందనేది దీన్నే.

స్మిత్ అండ్ వెస్సన్‌లో హ్యాండ్ పని సిలిండరును తిప్పడంతో అయిపోతుంది. ఆ తరువాత నిలిపే బాధ్యత కింది ముక్కది. అందుకే మంచి స్మిత్‌లో కూడా సిలిండరు వెంట్రుకంత ఊగుతుంది. కోల్ట్ చూసినవాళ్లు దాన్ని లోపమనుకుంటారు. నిజానికి ఆ వదులే దాని ఆయుష్షు. పైగా ఇది సిలిండరును ముందూ వెనుకా రెండు చోట్ల పట్టుకుంటుంది, పోలీస్ పాజిటివ్ వెనుక మాత్రమే. తన సిలిండరు ఫ్రేము వైపుకు, అంటే కుడికి తిరుగుతుందని, స్మిత్‌ది బయటికి తోసుకుంటూ ఎడమకు తిరుగుతుందని కోల్ట్ తన ప్రకటనల్లో చెప్పుకునేది. మాట నిజమే. కానీ .32 ఒత్తిడికి అదేమంత పెద్ద విషయం కాదు.

డబుల్ యాక్షన్‌లో (హామరును ముందుగా ఎత్తకుండా ట్రిగ్గరు లాగుడుతోనే పేల్చడంలో) వేలికి తెలిసే తేడా కూడా ఈ లోపలి అమరికలోనిదే. కోల్ట్ వంగిన వి ఆకారపు స్ప్రింగు మొదట తేలికగా కదిలి, చివరి కొసలో బరువెక్కుతుంది. సరిగ్గా గురి నిలపవలసిన చోట చెయ్యి అదురుతుంది. స్మిత్‌లో ఆ లాగుడు మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే తీరు. ఇంకో సాక్ష్యం చూడండి. 1955లో వచ్చి సేకర్తలను ఊరించిన కోల్ట్ పైథాన్‌లోనూ పాత తాళమే ఉండేది. 2020లో కోల్ట్ పైథాన్‌ను తిరిగి తెచ్చినప్పుడు మాత్రం లోపలి యంత్రాన్ని మార్చింది. కన్నవారే వదులుకున్న అమరికను మనం పట్టుకుని వేలాడటం ఎందుకు?

మన ఊళ్లలో ఈ చిక్కు మరింత పెద్దది. సొంతానికి విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం 1980ల మధ్యలోనే ఆగిపోయింది. విడి భాగాలూ రావు. అరిగిన కోల్ట్ హ్యాండ్‌ను సరిచేయడం అమెరికాలోనే కొద్దిమందికి చేతనైన పని. ఇక్కడ ఆకురాయితో అరగదీసి ‘సర్దేశాం’ అంటారు, ఉన్న లోహం కూడా పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద చేయలేని ముక్క లేదని మనకు గట్టి నమ్మకం. లారీ గేరుకైతే సరే. తుపాకీ భాగం జోలికి వెళ్లకండి. చట్టంలోని అయిదో సెక్షన్ ప్రకారం మరమ్మతుకు కూడా లైసెన్సుండాలి. చేసినవాడూ చేయించినవాడూ ఇరుక్కుంటారు.

ఇప్పుడు వెబ్లీ. బర్మింగ్‌హామ్ సరుకు, కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల నుంచి ఇక్కడ తిరుగుతున్నది. .32 మార్క్ 4 నడుము దగ్గర విరిచినట్టు తెరుచుకుంటుంది, ఆరు ఖాళీ తొడుగులూ ఒక్కసారిగా బయటికి దూకుతాయి. ఆ చప్పుడు కోసమే వెబ్లీని ఇష్టపడేవారున్నారు, వారితో వాదించను. లోపల భాగాలు మొరటైనవి, త్వరగా చెడవు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 కూడా ఈ నమూనా నుంచి పుట్టినదే కాబట్టి లైసెన్సున్న మేస్త్రికి దీని కడుపులో ఏముందో తెలుసు. మన దగ్గర ఇది చిన్న సుగుణం కాదు. చూడవలసింది మడత కీలు, పైనున్న గొళ్లెం. మూసి పట్టుకుని బారెల్‌ను పైకీ కిందికీ అదిమితే టకటకమంటే ధర ఎంత తగ్గించినా వద్దు. డబుల్ యాక్షన్ లాగుడు బరువే. వేలు అలవాటు పడాలి.

కాబట్టి టైమింగ్ బాగున్న స్మిత్ అండ్ వెస్సన్ .32 లాంగ్ దొరికితే నేను రెండో ఆలోచన లేకుండా దానికే ఓటేస్తాను. 1917లో మొదలైన రెగ్యులేషన్ పోలీసైనా, 1957 తరువాత మోడల్ 30, 31 అనే అంకెలు వేసుకున్నవైనా సరే. అది దొరకకపోతే వెబ్లీ. కోల్ట్‌ను ఏడాదికి పది తూటాలు కూడా కాల్చనివారికి, చూసి మురిసిపోవడం చాలుననుకునేవారికి వదిలేస్తాను.

డీలరు దగ్గర చూసేటప్పుడు ముందు గదులన్నీ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ తేల్చుకోండి. తరువాత హామరును బొటనవేలితో నెమ్మదిగా వెనక్కి లాగండి, హడావుడి వద్దు. హామరు నిలిచేలోపు సిలిండరు గాడిలో పడిన టక్కు వినిపించాలి. ఆరు గదులకూ ఇదే పరీక్ష. ఒక్క గది వెనకబడినా బేరం అక్కడితో ఆపండి. కొత్తగా మిలమిల మెరిసే నికెల్ పూత కనిపిస్తే మురిసిపోవద్దు. సేకర్తకు కావలసిన అసలు పూత దాని కింద చచ్చిపోయి ఉంటుంది, చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. సిలిండరును సినిమాల్లో లాగా మణికట్టు విసిరి మూసే డీలరు దగ్గర ఏమీ కొనకండి. ఆ ఒక్క అలవాటుతో సిలిండరును మోసే చేయి వంగుతుంది.

మిగతావి రెండు మాటల్లో. స్పెయిన్, బెల్జియం నకళ్లు: ఉక్కు మెత్తన, వద్దు. ఏడు గుండ్ల రష్యన్ నాగాన్: గొప్ప వింత, మనకు పనికిరాదు. 2014లో వచ్చిన మన దేశపు టైటానియం మిశ్రమం రివాల్వరు నిర్భీక్: అర కిలో బరువు, అప్పట్లో లక్షా ఇరవై రెండు వేల పైన ధర, సంచీలో పెట్టుకునేవారికి. 2023లో వచ్చిన మరో దేశీ రివాల్వరు ప్రబల్‌లో సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. రోజూ వాడేవారు దాన్ని చూడటం న్యాయం, పాతవాటి మోజు ఉన్నవారికి దానితో పనిలేదు.

తాతగారి వెబ్లీ ఇంట్లో ఉంది, అమ్మేసి స్మిత్ కొనమంటారా అని కూడా అడుగుతున్నారు. అమ్మకండి. వారసుడి పేరుకు లైసెన్సు మార్పించుకోండి, లైసెన్సుకు విశిష్ట గుర్తింపు సంఖ్య (యుఐఎన్) పడిందో లేదో చూసుకోండి. ఎన్నికలప్పుడు స్టేషనులో డిపాజిట్ చేసేముందు నూనె గుడ్డతో తుడిచి, తోలు సంచీలోంచి తీసి ఇవ్వండి. 2024లో ఎన్నికల కోడ్ మార్చి 16న మొదలైతే ఫలితాలు జూన్ 4న వచ్చాయి. కృష్ణ ఒడ్డు చెమటలో అన్నాళ్లు తోలులో పడుకున్న ఉక్కు మీద ఏ దేశపు పూతా నిలవదు.