శాన్ హోసేలో ఉండి శాన్ హోసే వెళ్ళొచ్చాం

మేముండేది కాలిఫోర్నియా శాన్ హోసే, మొన్న సెలవులకి వెళ్ళింది కోస్టారికా రాజధాని శాన్ హోసే. ఉన్న ఊరికే టికెట్ కొన్నారా అని మా అత్తగారు ఫోన్లో ఒకటే నవ్వు. రెండూ మేరీమాత భర్త యోసేపు గారి పేరే, మాది 1777లో పెట్టిన ఊరు, అక్కడిది అంతకంటే నలభై ఏళ్ళు పాతది, చిన్న చర్చి చుట్టూ మొదలైందట. బుకింగ్‌లో ఎయిర్‌పోర్ట్ కోడ్ ఎస్‌జేసీ అంటే మాది, ఎస్‌జేఓ అంటే వాళ్ళది, చూసి కొట్టండి.

గెస్ట్‌హౌస్ శుభ్రంగానే ఉంది కానీ దొరకడానికి గంట పట్టింది. అక్కడ అడ్రస్ అంటే డోర్ నంబర్ కాదు, "చర్చి నుంచి 200 మీటర్లు ఉత్తరం, 50 తూర్పు" ఇలా ఉంటుంది, 100 మీటర్లంటే ఒక బ్లాక్ అని లెక్క. మా టాక్సీ ఆయన ఇంకో చర్చి దగ్గర దింపి వెళ్ళిపోయాడు. మన ఊళ్ళో రామాలయం పక్క సందు అంటే ఏ రామాలయం అని అడగమూ, అలాగే అడగాల్సింది. పొద్దున టిఫిన్ గాయో పింటో, అన్నంలో నల్ల బీన్స్ కలిపి వేయిస్తారు, మావాడు ఆవకాయతో లాగించేశాడు. వెజ్ వాళ్ళు మాత్రం పంది కొవ్వు వేశారేమో కనుక్కోండి.

ఊళ్ళో 1897 నాటి నేషనల్ థియేటర్, సెంట్రల్ మార్కెట్ చూస్తే చాలు, ఒక పూట పని.

అసలు వెళ్ళాల్సింది కార్తాగో, బస్సులో గంట, టికెట్ రెండు డాలర్లు కూడా కాలేదు. అక్కడ బసిలికా, అంటే పెద్ద చర్చి, మేరీమాతది, పేరు దేవదూతల మాత, మా లాస్ ఏంజలెస్ పేరు కూడా ఆ దేవదూతల రాణి బిరుదులోంచి వచ్చిందే. ఇంత పెద్ద గుడిలో అమ్మవారు మాత్రం జానెడు నల్లరాతి బొమ్మ, బంగారు చట్రంలో ఎక్కడో పైన, నాకైతే ముఖం సరిగ్గా కనపడలేదు. ఒకావిడ గుమ్మం నుంచి ఆల్టర్ దాకా మోకాళ్ళ మీద వెళ్తోంది, పక్కన భర్త చెప్పులు పట్టుకుని నడుస్తున్నాడు. మొక్కు తీరినవాళ్ళు ఇచ్చిన చిన్న చిన్న కళ్ళు, చేతులు, కాళ్ళు, గుండెలు అద్దాల వెనక బోలెడు, మన గుళ్ళల్లో వెండి కళ్ళు సమర్పిస్తారు చూడండి అచ్చం అలాగే. ఆగస్టు 2 పండగకి శాన్ హోసే నుంచి జనం నడిచి వస్తారు, ఆ రోజుల్లో రూమ్ గురించి ముందే చూసుకోండి. ఊరి మధ్యలో 1910 భూకంపానికి కూలిన చర్చి గోడలున్నాయి, అది శాంటియాగోది, అంటే యేసు శిష్యుడు యాకోబు, చిలీ రాజధానికి ఉన్న పేరే.

బసిలికా దగ్గర ఊట నీళ్ళు సీసాలో పట్టుకోవచ్చు. చెకిన్ లగేజీలో పెట్టండి, మాది క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టి సెక్యూరిటీ దగ్గర పారబోయాల్సి వచ్చింది.