ఫూర్నియేనా, తోర్తెలియేనా?

వయొలిన్ కుటుంబంలోని పెద్ద తంత్రీవాద్యం చెల్లో. దాన్ని వాయించిన ఈ ఇద్దరు కళాకారుల్లో ఎవరు మేలు? ఇద్దరూ పారిస్‌లో పుట్టినవాళ్లే, అక్కడి కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, చెల్లో నేర్పినవాళ్లే. పియెర్ ఫూర్నియే (1906–1986) మొదట పియానో నేర్చుకున్నారు. చిన్నప్పుడే పోలియో రావడంతో పెడల్స్ తొక్కలేక చెల్లో పట్టారు. ఆయన కమాను పట్టులో ఎక్కడా బిగువు కనిపించదు, స్వరం గీత గీసినట్టు సాగుతుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో కోసం రాసిన సూట్లు (నాట్య బాణీల వరసలు) ఆయన 1960లో రికార్డు చేశారు, వినండి, ఎంత హుందాగా ఉంటాయో!

పాల్ తోర్తెలియే (1914–1990) ఆవేశం మనిషి. గురువుగా మాత్రం నా ఓటు ఆయనకే. పేరుమోసిన ఇంగ్లిష్ చెల్లో కళాకారిణి జాక్వెలిన్ డూ ప్రే ఆయన దగ్గర నేర్చుకుంది. చెల్లోని నేలకి ఆనించే కడ్డీని ఏటవాలుగా వంచింది కూడా ఆయనే. దాంతో వాద్యం ఇంకాస్త వెనక్కి వాలుతుంది. రష్యన్ చెల్లో కళాకారుడు రోస్త్రోపోవిచ్ లాంటి దిగ్గజం కూడా ఆ వంపు కడ్డీనే వాడారు. చెల్లో నేర్చుకుంటున్నవాళ్లు తోర్తెలియే మాస్టర్‌క్లాస్ వీడియోలతో మొదలుపెట్టండి.