యాప్‌లాకర్: పదిహేను సిస్టమ్‌ల ఆడిటర్ ఆఫీసుకు పనికొస్తుందా?

గుంటూరు బ్రాడీపేటలోనైనా విజయవాడ గవర్నర్‌పేటలోనైనా ఆడిటర్ ఆఫీసంటే క్లయింట్ల పెన్‌డ్రైవ్‌లు రోజంతా చేతులు మారే చోటు. ఏ సిస్టమ్‌లో ఏ ప్రోగ్రాం నడవాలో సర్వర్ దగ్గరే తేల్చేసే యాప్‌లాకర్ అలాంటి చోట తప్పకుండా ఉండాలి. 2009లో విండోస్ 7తో వచ్చిన ఈ సౌకర్యం చాలా ఏళ్లు ఖరీదైన ఎడిషన్లకే పరిమితం. ఇప్పుడు అప్‌డేట్లు పడిన విండోస్ 10, 11 ప్రోలోనూ పనిచేస్తుంది. విడిగా పైసా కట్టక్కర్లేదు.

సర్వర్ నుంచి అన్ని సిస్టమ్‌లకూ ఒకే సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీలో ముందు డిఫాల్ట్ రూల్స్ సృష్టించాలి. విండోస్, ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్లలోని ప్రోగ్రాంలను అందరికీ, అన్నిటినీ అడ్మిన్‌కు అనుమతించేవి ఇవే. అవి లేకుండా ఒక్క రూల్ రాసినా ఆ రకం ఫైళ్లలో మిగతావన్నీ ఆగిపోతాయి. ఎన్‌ఫోర్స్‌మెంట్ గడిలో మొదట 'ఆడిట్ ఓన్లీ' పెట్టి తీరాలి, అప్పుడు ఏదీ ఆగదు, ఏవి ఆగేవో నమోదవుతుందంతే. రూల్స్ రాసి ఆ గడిని ముట్టుకోకపోతే నేరుగా అమలైపోతాయి, ఉదయానికి ఆఫీసంతా ఫోన్లే. రూల్స్‌ను అమలుచేసే 'అప్లికేషన్ ఐడెంటిటీ' సర్వీస్‌ను కూడా అదే పాలసీ నుంచి ఆటోమేటిక్ చేయాలి. అది నడవకపోతే ఏ రూలూ పనిచేయదు.

ఆడిట్ వారం రోజులు చాలదు. నెలవారీ జీఎస్‌టీ రిటర్న్‌ల గడువులు, అంటే 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బీ దాటాకే డిజిటల్ సంతకం యుటిలిటీల్లాంటివి విండోస్ నమోదులు చూపే ఈవెంట్ వ్యూయర్‌లో కనబడతాయి. ప్రోగ్రాంలకు 8003, స్క్రిప్టులకు 8006 నంబర్లు వెతకండి. అవసరమైనవాటికి రూల్స్ రాశాకే ఆ గడిని అమలుకు మార్చండి.

అసలు చిక్కు టీడీఎస్ రిటర్న్ తయారుచేసే ఆర్‌పీయూతో. మూడు నెలలకోసారే తెరుస్తారు కాబట్టి నెల ఆడిట్‌లో దొరక్కపోవచ్చు. పైగా అది మొదలయ్యేది బ్యాట్ ఫైలుతో, అంటే ఒక చిన్న స్క్రిప్టుతో. బ్యాట్ ఫైలుకు తయారీదారు డిజిటల్ సంతకం ఉండదు, కాబట్టి ఆ సంతకాన్ని చూసి అనుమతించే పబ్లిషర్ రూల్ కుదరదు. జిప్ విప్పిన డీ డ్రైవ్ ఫోల్డర్‌కు పాత్ రూల్ ఇస్తే, అంటే ఆ చోటునే అనుమతిస్తే, స్టాఫ్ రాయగలిగే ఆ ఫోల్డర్‌లో ఏ వైరస్ పడినా నడుస్తుంది. ఫైలు వేలిముద్రలాంటి హ్యాష్‌ను చూసి ఆ ఒక్క ఫైలునే అనుమతించే హ్యాష్ రూలే సరైనది. కొత్త వెర్షన్‌లో ఆ ఫైలు మారితే హ్యాష్ మళ్లీ తీయాలి, గడువు రోజు కాకుండా ముందే. జూమ్ లాంటివి యూజర్ సొంత ఫోల్డర్ యాప్‌డేటాలో కూర్చున్నా వాటికి సంతకం ఉంటుంది, కాబట్టి పబ్లిషర్ రూల్ చాలు. ఫోన్ చేసి, దూరం నుంచి సిస్టమ్‌ను నడిపే ఎనీడెస్క్ దింపుకోమనే మోసగాళ్ల ఆట డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఆగిపోతుంది. ఈ ఒక్క లాభానికే పెట్టొచ్చంటాం.

లోపాలూ ఉన్నాయి. విండోస్ ఫోల్డర్ లోపలి టెంప్, టాస్క్స్‌లలో మామూలు యూజరూ ఫైలు పెట్టగలడు, వాటిని మినహాయింపుల్లో చేర్చాలి. జావాకు అనుమతిస్తే దానితో నడిచే ప్రోగ్రాం, అంటే ఏ జార్ ఫైలైనా నడుస్తుంది, ఎక్సెల్ మాక్రోలను ఇది చూడదు. స్టాఫ్‌కు అడ్మిన్ లాగిన్ ఇచ్చిన ఆఫీసులో డిఫాల్ట్ రూల్స్‌లోని అడ్మిన్ రూల్ అన్నిటికీ తలుపు తీసేస్తుంది, ముందు ఆ లాగిన్లు మార్చండి. మైక్రోసాఫ్ట్ ఇప్పుడు సిఫారసు చేసేది ఇదే పనికి ఉన్న మరో సౌకర్యం యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్‌ను. అది గట్టిదే, కానీ పూర్తికాలం ఐటీ మనిషి లేని ఆఫీసులో దాన్ని నిభాయించడం కష్టం.

సర్వర్ లేకపోతే ఒక సిస్టమ్‌లో రూల్స్ సిద్ధంచేసి, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, మిగతావాటిలో లోకల్ సెక్యూరిటీ పాలసీ ద్వారా ఇంపోర్ట్ చేయొచ్చు. నాలుగైదు సిస్టమ్‌ల వరకు అది నడుస్తుంది. అంతకు మించితే ఎక్కడో ఒకచోట పాత రూల్స్ మిగిలిపోతాయి, సర్వర్ కొనుక్కోవడమే మేలు.