ఉల్కల వేటకు ఏ డిటెక్టర్ కొనాలి: గోల్డ్ బగ్ 2, గోల్డ్ మాన్‌స్టర్ 1000, జీపీఎక్స్ 6000

బంగారం డిటెక్టర్లు అమ్మేవాళ్లు అన్నిటికంటే ముందు చెప్పే గొప్ప ఐరన్ రిజెక్ట్. కింద మేకో, తుప్పు పట్టిన డబ్బా మూతో ఉంటే మిషన్ నోరు మెదపదు, బంగారం తగిలితేనే కూస్తుంది. ఉల్కల కోసం వెళ్లేవాళ్ల కొంప ముంచేది సరిగ్గా ఇదే. భూమి మీద పడే ఉల్కల్లో నూటికి ఎనభైకి పైగా ఆర్డినరీ కాండ్రైట్లు, అంటే లోహపు రవ్వలున్న రాతి ఉల్కలు. వాటిలోని లోహం ఇనుము, నికెల్ కలిసిన మిశ్రమం. అది ముద్దగా ఉండదు, రాయంతా రవ్వ చల్లినట్టు ఉంటుంది. హెచ్ రకం రాళ్లలో బరువులో 15 నుంచి 20 శాతం దాకా లోహం ఉంటుంది, ఎల్ రకంలో దాదాపు అందులో సగం, ఎల్‌ఎల్‌లో ఇంకా తక్కువ. మిషన్ చెవికి ఇది కొంత తుప్పు మేకులా, కొంత ఇనుప ఖనిజమున్న నల్లరాయిలా వినిపిస్తుంది. ఆ రెండింటినీ పట్టించుకోవద్దని దానికి చెప్పి బయల్దేరితే ఉల్కల మీదుగా నడుచుకుంటూ వెళ్లిపోతాం.

కాబట్టి లోతు ఎంత, స్క్రీన్ ఎంత బాగుంది అన్నవి తర్వాత. ముందు అడగాల్సింది రెండే: ఐరన్ రిజెక్ట్‌ను పూర్తిగా ఆపొచ్చా? గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాల రొద వినపడకుండా మిషన్‌ను సర్దడం, మన చేతిలో ఉంటుందా, లేక మిషన్ తనంతట తానే సర్దుకుంటుందా?

ఏ చోటు కోసం కొంటున్నామన్నది కూడా తేల్చుకోవాలి. ఇక్కడ లెక్కలోకి తీసుకున్నది అరిజోనాలోని మొహావీ కౌంటీ, గోల్డ్ బేసిన్. ఫీనిక్స్‌లోనో లాస్ వేగస్‌లోనో ఉండే మనవాళ్లు వారాంతంలో వెళ్లి రాగల చోటు. 1995లో జిమ్ క్రీగ్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ అక్కడ బంగారం వెతుకుతుంటే డిటెక్టర్ కింద తగిలిన రాళ్లు ఉల్కలని తేలింది. ఎల్4 కాండ్రైట్, పడి సుమారు 15,000 ఏళ్లు. అంటే లోహం తక్కువ, తుప్పు ఎక్కువ, ముక్కలు చాలా వరకు చిన్నవి. నేలలో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) ఉన్న నల్లరాళ్లు బోలెడు. ఇలాంటి చోట నెగ్గిన మిషన్‌కు కాండ్రైట్లు దొరికే మిగతా చోట్లు తేలికే.

ఫిషర్ గోల్డ్ బగ్ 2తో మొదలుపెడదాం. 71 కిలోహెర్ట్జ్ వీఎల్ఎఫ్, అంటే ఆగకుండా తరంగాలు పంపుతూనే వినే రకం. పాత డిజైన్, స్క్రీన్ లేదు, రెండు 9 వోల్టుల బ్యాటరీలు, నాబ్‌లు, స్విచ్‌లు, అంతే. చూడ్డానికి పాత రేడియోలా ఉంటుంది. కానీ ఉల్కలకు కావాల్సిందంతా ఇందులో ఉంది. ఐరన్ డిస్క్ (ఐరన్ రిజెక్ట్‌కు ఇందులో పేరు) ఒక స్విచ్, నార్మల్‌లో పెడితే అన్ని లోహాలకూ పలుకుతుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ పూర్తిగా చేత్తోనే, ఒక నాబ్ ముతక సర్దుబాటుకు, ఇంకోటి సన్న సర్దుబాటుకు. నేలలో ఖనిజాలు ఎంత ఉన్నాయో దాన్నిబట్టి పెట్టే మినరలైజేషన్ స్విచ్‌కు లో, నార్మల్, హై అని మూడు మెట్లు. గోల్డ్ బేసిన్‌లో నార్మల్‌తో మొదలుపెట్టాలి. మిషన్ అదేపనిగా గోల చేస్తేనే హై, ఎందుకంటే హైలో లోతు పోతుంది.

బ్యాలెన్స్ చేసే పద్ధతి: లోహం లేని చోటు చూసుకుని కాయిల్‌ను నేలకు జానెడు ఎత్తు నుంచి వేలెడు ఎత్తుకు దించుతూ, లేపుతూ ఉండాలి. ముతక నాబ్‌తో దగ్గరకు తెచ్చి, దించినా లేపినా హమ్ (మిషన్ ఎప్పుడూ చేసే సన్నటి రొద) మారకుండా ఉండేదాకా సన్న నాబ్ తిప్పాలి. హమ్ దోమ రొదంత ఉంటే చాలు. సెన్సిటివిటీ సగంలో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మొదటి రోజే చివరిదాకా తిప్పి, "మిషన్ పిచ్చి కూతలు కూస్తోంది" అని తిట్టుకునేవాళ్లే ఎక్కువ. నేల రంగు మారినప్పుడల్లా, వాగు దాటినప్పుడల్లా మళ్లీ బ్యాలెన్స్ చెయ్యాలి. ఇది విసుగే, ఈ మిషన్‌కున్న పెద్ద లోపమూ ఇదే. ఇక 6.5 అంగుళాల కాయిల్ పెద్దదానికంటే తక్కువ నేలను చూస్తుంది గానీ, శనగగింజంత ముక్కలకు దానికి సాటి లేదు.

మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000 దీనికి పూర్తిగా వ్యతిరేకం. 45 కిలోహెర్ట్జ్, ఆన్ చేసి ఊపడమే. 10x6 అంగుళాల అండాకారపు కాయిల్, 5 అంగుళాల గుండ్రటి కాయిల్ పెట్టెలోనే వస్తాయి, చార్జ్ చేసుకునే బ్యాటరీ కూడా. కొత్తవాళ్లకు మొదటి గంటలోనే ఏదో ఒకటి దొరుకుతుంది, కాకపోతే అది బుల్లెట్ ముక్క అయ్యుంటుంది. డీప్ ఆల్ మెటల్ మోడ్ ఉంది, ఉల్కలకు అది తప్ప ఇంకోటి వాడకూడదు. స్క్రీన్ మీద బంగారమా ఇనుమా అని చూపించే గీతలను నమ్మి, ఇనుము వైపు చూపించిందని వదిలేస్తే వెళ్లిన పనే దండగ.

దీంతో చిక్కు గ్రౌండ్ ట్రాకింగ్. అది ఎప్పుడూ ఆటోలోనే ఉంటుంది, ఆపడానికి బటన్ లేదు. సన్నగా పలికిన చోట నమ్మకం కోసం పదిసార్లు అటూ ఇటూ ఊపామనుకోండి, ఆ రాయిని కూడా నేలే అనుకుని మిషన్ సర్దుకుంటుంది, శబ్దం కరిగిపోతుంది. "ఏం లేదులే" అని ముందుకెళతాం. అందుకే శబ్దం రాగానే కాయిల్‌ను రెండడుగులు పక్కకు తీసి, ఖాళీ నేల మీద నాలుగుసార్లు ఊపి, తిరిగొచ్చి రెండే రెండుసార్లు దాటించాలి. ఈ అలవాటు పట్టుబడితే మాన్‌స్టర్ మంచి మిషనే. ఈ రెండిట్లో ఒకటే కొనాలంటే, ఓపిక ఉన్నవాళ్లకు గోల్డ్ బగ్ 2, పిల్లలతో కలిసి వెళ్లేవాళ్లకు మాన్‌స్టర్.

జీపీఎక్స్ 6000 ఆరు వేల డాలర్ల దరిదాపు. అంత డబ్బు పోస్తే అంత బాగా వెతుకుతుందనుకోవడం సహజం, కాండ్రైట్ల విషయంలో తప్పు. ఇది పల్స్ ఇండక్షన్ మిషన్. కాయిల్‌లోకి కరెంటు పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకండ్లు ఆగి వింటుంది. నేలలోని మాగ్నటైట్ గొడవ ఆ కాస్త విరామంలో చాలావరకు అణిగిపోతుంది, దీని గొప్పదనం అదే. కానీ కాండ్రైట్‌లోని రవ్వంత లోహంలో పుట్టిన కరెంటు కూడా అప్పటికే ఆరిపోతుంది. ముద్ద ఇనుము సంగతి వేరు. ఇనుప ఉల్కలు, పల్లసైట్లు (ఇనుము, రాతి స్ఫటికాలు కలిసిన ఉల్కలు) లోతుగా ఉండే నేలల్లో పెద్ద కాయిల్ ఉన్న పల్స్ మిషన్‌దే రాజ్యం. కాన్సస్‌లోని బ్రెన్‌హామ్‌లో 2005లో ఉల్కల వేటగాడు స్టీవ్ ఆర్నాల్డ్ పెద్ద కాయిల్‌ను బండితో లాగిస్తూ దాదాపు 650 కిలోల పల్లసైట్‌ను పట్టుకున్నాడు, అది ఏడడుగుల లోతున ఉంది. అక్కడ గోల్డ్ బగ్ పట్టుకుని తిరిగితే బూట్లు అరగడం తప్ప ఏమీ లేదు.

ఏది కొన్నా ముందు ఒక పరీక్ష. పది, ఇరవై గ్రాముల మామూలు కాండ్రైట్ ముక్క ఒకటి కొనుక్కోండి, ఎడారి నుంచి వచ్చే వర్గీకరించని రాళ్లు చవకే. అది తీసుకుని షాపుకెళ్లి, వాళ్ల కాయిల్ ముందు ఆడించి చూడండి. నాణెంతో డెమో చూపిస్తే ఒప్పుకోవద్దు, నాణేనికి బొమ్మ డిటెక్టర్ కూడా మోగుతుంది. ఆ ముక్కనే వేటకు తీసుకెళ్లి అక్కడి మట్టిలో వేలెడు లోతున పెట్టి వినండి, చెవికి ఆ శబ్దం పట్టుబడుతుంది.

నల్లరాయికీ ఉల్కకూ తేడా చెవితోనే చాలావరకు తెలుస్తుంది. శబ్దం వచ్చిన చోట కాయిల్‌ను మెల్లగా పైకెత్తాలి. మాగ్నటైట్ రాయి అయితే అంగుళం ఎత్తేసరికి చప్పున చచ్చిపోతుంది, లేదా కాయిల్ దాటిపోయాక వెనకనుంచి "బొయ్‌య్" మంటుంది. లోహమైతే క్రమంగా తగ్గుతుంది. తవ్వేటప్పుడు పైమట్టిని బూటుతో గీసి మళ్లీ ఊపాలి. శబ్దం చోటు మారితే రాయి ఆ గీసిన మట్టిలోనే ఉన్నట్టు. దాన్ని ప్లాస్టిక్ స్కూప్‌లోకి ఎత్తి, సగం చేతిలోకి పోసి కాయిల్ మీద తిప్పి, మోగని సగం పారబోసి, మళ్లీ సగం చేయాలి. నాలుగైదు సార్లకు బెల్లం రంగు గులకరాయి ఒకటి మిగులుతుంది, కింది వైపు తెల్లటి సున్నపు పొర అంటుకుని. చేతికి ఉంగరం, కాళ్లకు స్టీల్ టో బూట్లు ఉంటే మాత్రం ఈ పని సాగదు.

అయస్కాంతంతో పరీక్షించాలంటే ఫ్రిజ్‌కు పెట్టే బలహీనమైనది చాలు. నియోడిమియం తగిలిస్తే రాయిలో దాచి ఉన్న ప్రాచీన అయస్కాంత గుర్తులు చెరిగిపోతాయి, ఆ గుర్తులను చదివే శాస్త్రవేత్తలకు ఇక అది పనికిరాదు. చంద్రుడి నుంచి, అంగారకుడి నుంచి వచ్చిన రాళ్లలో లోహం దాదాపు ఉండదు కాబట్టి వాటికి ఏ డిటెక్టరూ మోగదు, కళ్లే దిక్కు.

మన దగ్గర ఆన్‌లైన్‌లో కొన్ని వేలకే దొరికే డిటెక్టర్లు నాణేలకు, పైపులకు పనికొస్తాయి, కాండ్రైట్‌కు చాలవు. ఉత్తరాంధ్రలో 1870లో పడిన నెడగొల్ల ఉల్క ఇనుపది, అలాంటిదానికైతే అవీ మోగుతాయి. కానీ తెలుగు జిల్లాల్లో డిటెక్టర్ పట్టుకుని కొండెక్కితే గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు, రైస్ పుల్లర్ మోసగాళ్లు ఆ పేరు అంతగా చెడగొట్టారు. అనుమానం ఉన్న రాయి దొరికితే చేరాల్సింది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు.

అరిజోనాలో బీఎల్ఎం (అమెరికా ప్రభుత్వ భూములను చూసే సంస్థ) భూముల్లో సొంతానికి మనిషికి ఏడాదికి 10 పౌండ్ల దాకా ఏరుకోవచ్చు, అమ్మకూడదు. డిటెక్టర్‌కు అనుమతి ఉంది, తవ్వే యంత్రాలకు లేదు. గోల్డ్ బేసిన్ పక్కనే లేక్ మీడ్ పరిధి మొదలవుతుంది, అది నేషనల్ పార్క్ సర్వీస్‌ది, అక్కడ రాయి ముట్టుకోకూడదు. ఫోన్ మ్యాప్‌లో ఆ సరిహద్దు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.