డ్రాయింగుల క్లౌడ్ యాప్: మూడేళ్ళు వాడాక, ఒక ఆకుపచ్చ టిక్కు గురించి

అనంతపురంలో ఉంటూ చుట్టుపక్కల ఇళ్ళ కాంట్రాక్టులు చేసుకునే సివిల్ ఇంజనీరును నేను. ఆర్కిటెక్టు, స్ట్రక్చరల్ ఇంజనీరు, సైటు సూపర్‌వైజరు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి ఒకే డ్రాయింగు మీద పని చేసుకునే యాప్ ఒకటి మూడేళ్ళుగా వాడుతున్నాను. అందులో ఏమేమి ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు కనుక ఆ జోలికి పోను. నా పేచీ అంతా డ్రాయింగు పేరు పక్కన కనిపించే ఆకుపచ్చ టిక్కుతోనే.

మొదటి ఏడాది ఈ యాప్‌ను తోటి కాంట్రాక్టర్లకు పొగిడి పొగిడి చెప్పినవాణ్ణి నేనే. వాట్సాప్‌లో పీడీఎఫ్‌లు పంపుకున్న రోజుల్లో ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే వాడండి’ అన్న పేర్లతో ఒకే ప్లాను నాలుగు రకాలుగా ఫోన్లో పడి ఉండేది. ఆ బాధ తీరిందన్న మాట ఇప్పటికీ నిజమే. అయితే దానితో పాటు, ఇక పాత డ్రాయింగుతో పని జరిగే ప్రసక్తే లేదని కూడా అప్పుడు అన్నాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పోయిన ఏడాది వేసవిలో తాడిపత్రి దగ్గర ఒక ఇంటి పని ఒప్పుకున్నాను. ఆర్కిటెక్టు బెంగళూరులో, స్ట్రక్చరల్ ఇంజనీరు హైదరాబాదులో ఉంటారు. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. సైటు బండల పాలిష్ ఫ్యాక్టరీల వెనక ఉండడంతో సిగ్నలు ఉంటే ఒక గీత, లేకపోతే అదీ లేదు. అసలు ఈ యాప్ తీసుకున్నదే ఆఫ్‌లైన్ సౌకర్యం కోసం. సిగ్నలు ఉన్నచోట డ్రాయింగు దించుకుంటే లేనిచోటా తెరుచుకుంటుంది, దిగిన డ్రాయింగు పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. టిక్కు ఉంటే నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చని సూపర్‌వైజరుకు నేర్పింది నేనే.

ఇంటివాళ్ళు వాస్తు చూపించుకుని, పై అంతస్తు బాత్రూమును ఈశాన్యం నుంచి వాయవ్యానికి మార్పించారు. బాత్రూము కింద స్లాబు అడుగు లోతు దిగాలి గనుక ఆ తొట్టి కూడా దానితోపాటే మారాలి. ఆర్కిటెక్టు సోమవారమే మూడో రివిజన్, అంటే మార్పులు చేసిన మూడో ప్రతి, యాప్‌లోకి ఎక్కించాడు. సూపర్‌వైజరు ఫోన్లో ఉన్నది రెండోది. సైటులో కరెంటు నిలకడగా ఉండదని అతను ఫోనును బ్యాటరీ సేవర్‌లో పెట్టుకోవడంతో, ఊళ్ళో సిగ్నలు దొరికినప్పుడు కూడా యాప్ తనంతట తాను కొత్తది దించుకోలేదు. రెండో రివిజన్ పక్కన టిక్కు మాత్రం ఆకుపచ్చగానే ఉంది.

బుధవారం సాయంత్రానికి ఈశాన్యంలో తొట్టికి సెంట్రింగ్ (కాంక్రీటు పోసే చెక్కల అచ్చు) కొట్టి, కడ్డీలు కట్టి, చుట్టూ లోతు బీములు కూడా సిద్ధం చేశారు. ఎండకు భయపడి మర్నాడు ఉదయం ఆరింటికే కాంక్రీటు అనుకున్నాం. రాత్రి తొమ్మిదికి బెంగళూరు నుంచి ఫోను: “ఇంజనీరు గారూ, ఆ మూల తొట్టి ఎందుకుంది?” నేను హడావిడిగా మిక్సరు ఆపించి, తెల్లవారేసరికి సైటులో ఉన్నాను. మేస్త్రి నన్ను చూసి, “నేను అప్పుడే అంటి గదా సార్, ఇంటాయన వాయవ్యం అంటాండాడని. మీ సూపర్‌వైజరు టిక్కు చూపించె” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఒకచోట విప్పి మరోచోట కొట్టడానికి రెండున్నర రోజులు పట్టింది, కోసి వంచిన కడ్డీల్లో కొన్ని పనికిరాకుండా పోయాయి, ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను.

యాప్ వాళ్ళకు రాస్తే, ఆ టిక్కుకు అర్థం ఫోన్లోకి దిగిందని మాత్రమేననీ, తాజాదని కాదనీ జవాబు వచ్చింది. వాళ్ళ లెక్కలో అది సబబే. సిగ్నలు లేని ఫోనుకు పైన ఏం మారిందో తెలియదని నేనూ ఒప్పుకుంటాను. కానీ చివరిసారి సర్వరుతో ఎప్పుడు సరిచూసుకున్నదో ఫోనుకు తెలుసు కదా, ఆ రోజూ గంటా టిక్కు పక్కన వేస్తే ఏం పోయింది? ప్రతి ఫైలుకూ రివిజన్, అది ఏ పనికి వాడదగినదో చెప్పే స్థితి జతగా ఉండాలని నిర్మాణ సమాచారం ఎలా నిర్వహించాలో చెప్పే, 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 19650 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. సర్వరులో ఆ రెండూ చక్కగానే ఉన్నాయి. సెంట్రింగ్ చెక్కల మీద నిలబడ్డ మనిషి చూసే తెర మీద ఉన్నది టిక్కు ఒక్కటే.

ఇంకో సంగతి దాచడం న్యాయం కాదు. నన్ను ఆ రాత్రి కాపాడింది కూడా ఈ యాపే. సూపర్‌వైజరు యాప్‌లో పాత డ్రాయింగు మీద పిన్ గుర్తు గుచ్చి తొట్టి ఫోటో పెట్టాడు. భోజనానికి తాడిపత్రిలోకి వెళ్ళినప్పుడు అది పైకి చేరి, కొత్త డ్రాయింగు మీద అదే చోట కనిపించింది. పడకగది ఉండాల్సిన చోట తొట్టి చూసి ఆర్కిటెక్టు ఉలిక్కిపడ్డాడు.

ఇప్పుడు సూపర్‌వైజరు ఫోన్లో ఈ యాప్‌కు బ్యాటరీ సేవర్ నుంచి మినహాయింపు ఇచ్చాం. అతను పొద్దున తాడిపత్రిలో టీ తాగే చోటే ఆ రోజు డ్రాయింగులన్నీ ఒకసారి తెరిచి, కింద కుడిమూల ఉన్న రివిజన్ నంబరూ తేదీ నాకు ఫోన్లో చదివి వినిపిస్తాడు. స్లాబు పని ఉన్న రోజు ఒక ప్రింటు గోడకు అంటిస్తాం. చందా కట్టి మళ్ళీ కాగితం దగ్గరికే వచ్చామా అని మా ఆవిడ నవ్వుతుంది.

కర్నూలు టౌనులో, నిండా సిగ్నలున్న చోట చేసిన పనిలో ఈ ఇబ్బంది ఒక్కసారీ రాలేదు; అలాంటి సైట్లవాళ్ళు తీసుకోవచ్చు. ఊరి బయట పనులు ఎక్కువైతే, సూపర్‌వైజరు మాటిమాటికీ మారిపోతుంటే, నేనైతే తొందరపడను. నేను మాత్రం ఈ ఏడాదికీ చందా కట్టాను. బెంగళూరు ఆర్కిటెక్టు ఇంకో యాప్‌లోకి రానన్నాడు.